మల్టిపుల్ స్క్లీరోసిస్: వైకల్యాన్ని కొలిచిన చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

- మల్టిపుల్ స్క్లీరోసిస్ వ్యాధిలో వైకల్యాన్ని కొలవడం ఎందుకు కష్టమో వివరించగలుగుతారు.
- 1955లో వచ్చిన మొదటి ముఖ్యమైన స్కేలు ఏ అవసరం నుంచి పుట్టిందో చెప్పగలుగుతారు.
- 1983 నాటి విస్తృత స్కేలు బలాలను, పరిమితులను చర్చించగలుగుతారు.
- కొలిచే సాధనం మారితే పరిశోధన ఫలితం ఎలా మారుతుందో ఉదాహరణలతో నిరూపించగలుగుతారు.
- వైద్య పరిశోధనలోని స్కేలుకు, చట్టంలోని వైకల్య శాతానికి మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

జ్వరాన్ని థర్మామీటరు కొలుస్తుంది. రక్తపోటును కొలవడానికి చేతికి పట్టీ చుడతారు. చక్కెర ఎంత ఉందో చెప్పడానికి ఒక రక్తపు చుక్క చాలు. మరి ఒక మనిషి నిరుడు నడిచినట్లు ఈ ఏడాది నడవలేకపోతున్నాడంటే, ఆ తేడాను ఏ అంకెలో చెప్పాలి? నడక అలాగే ఉండి చూపు మందగిస్తే ఆ అంకె మారాలా? చేతి వేళ్లలో పట్టు తప్పితే? లెక్కలు వేయడంలో, మాటలు గుర్తుంచుకోవడంలో ఇబ్బంది మొదలైతే?

ఈ ప్రశ్నలన్నీ ఒకేసారి ఎదురయ్యే వ్యాధి మల్టిపుల్ స్క్లీరోసిస్. దీన్ని క్లుప్తంగా ఎం.ఎస్. అంటారు. మన నాడీ తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఎలాంటిదో, నాడీ తంతువుకు మైలిన్ దాదాపు అలాంటిది. ఎం.ఎస్.లో శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము, దృష్టి నాడుల్లోని ఈ తొడుగును దెబ్బతీస్తుంది. కాలక్రమంలో తంతువులు కూడా దెబ్బతింటాయి. దెబ్బ ఏ చోట తగిలితే ఆ చోటికి సంబంధించిన పని కుంటుపడుతుంది. అందుకే ఏ ఇద్దరు రోగుల లక్షణాలూ సరిగ్గా ఒకేలా ఉండవు. ఈ వ్యాధి ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువ.

ఒక పదం గురించి ముందే చెప్పుకుందాం. ఇంగ్లిషు వైద్య గ్రంథాలు ఈ వ్యాధి పెరగడాన్ని ‘ప్రోగ్రెషన్’ అంటాయి. దాన్ని ‘పురోగతి’ అని తెలుగు చేస్తే అర్థం తలకిందులవుతుంది, పురోగతి మనకు మంచి మాట కనుక. ఈ పాఠంలో ‘వైకల్యం ముదరడం’ అనే మాట వాడుతున్నాం. అలాగే లక్షణాలు హఠాత్తుగా వచ్చి కొన్ని వారాల్లో తగ్గే దశను ‘వ్యాధి తిరగబెట్టడం’ అంటున్నాం.

ఈ భాగంలో మీరు గమనించవలసిన ప్రధానాంశం ఒకటే. కొలబద్దలు ప్రకృతిలో దొరికే వస్తువులు కావు. ఒక కాలంలో, ఒక అవసరం కోసం మనుషులు వాటిని తయారుచేశారు. వాటిలో చోటు దొరికిన బాధకు మందు వెతికారు. చోటు దొరకని బాధ చాలాకాలం లెక్కలోకి రాలేదు.

9.2 కొలతకు ముందు: వర్ణనల కాలం

ఎం.ఎస్. లక్షణాల గురించి మనకు దొరికిన తొలి వివరమైన ఆధారాల్లో ఒకటి రోగి స్వయంగా రాసుకున్నదే. ఇంగ్లండు రాజు మూడవ జార్జి మనుమడు అగస్టస్ డెస్టే (1794-1848) తన జబ్బు గురించి దినచర్య రాశాడు. 1822లో ఒక బంధువు అంత్యక్రియల తరువాత తన చూపు మసకబారిందనీ, చికిత్స ఏమీ లేకుండానే తిరిగి వచ్చిందనీ అందులో ఉంది. తరువాతి ఏళ్లలో కాళ్లు బలహీనపడటం, తిమ్మిరి, మూత్రంపై అదుపు తగ్గడం వరుసగా కనిపిస్తాయి. అప్పటికి ఈ వ్యాధికి పేరే లేదు. 20వ శతాబ్దంలో ఆ దినచర్య వెలుగులోకి వచ్చాక, అది ఎం.ఎస్. అయి ఉంటుందని వైద్యులు భావించారు. చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ ఒక విషయం గుర్తించాలి: అంకెలు లేకపోయినా, రోగి తన వైకల్యాన్ని తేదీలవారీగా నమోదు చేస్తే అది విలువైన ఆధారమవుతుంది.

1830లలో స్కాట్లండుకు చెందిన రాబర్ట్ కార్స్‌వెల్, ఫ్రాన్సుకు చెందిన జాన్ క్రువేయే వేర్వేరుగా, చనిపోయినవారి వెన్నుపాములో గట్టిపడిన మచ్చలను చూసి బొమ్మల రూపంలో చూపారు. 1868లో పారిస్‌లోని సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో తన ఉపన్యాసాల్లో ఆ మచ్చలను, బతికి ఉన్నవారి లక్షణాలను జోడించి, ఇది ప్రత్యేకమైన వ్యాధి అని స్థిరపరిచాడు. కనుగుడ్లు అదరడం, ఏదైనా అందుకోబోతే చేయి వణకడం, మాట ముక్కలు ముక్కలుగా రావడం అనే మూడు లక్షణాలు ఆయన పేరుతోనే ప్రసిద్ధమయ్యాయి.

షార్కో చేసిన పని గుర్తించడం, వర్ణించడం. కొలవడం ఆయన ముందున్న సమస్య కాదు. వ్యాధిని ఆపగల మందు లేనప్పుడు, ‘నిరుటికంటే ఎంత ముదిరింది?’ అన్న ప్రశ్నకు అంకెలో జవాబు కావాలని ఎవరూ పట్టుబట్టలేదు. రోగుల పత్రాల్లో ‘కాస్త మెరుగు’, ‘అలాగే ఉంది’, ‘క్షీణించింది’ వంటి మాటలే ఉండేవి. ఒక వైద్యుని ‘కాస్త’ మరొక వైద్యుని ‘కాస్త’తో సమానమని చెప్పే ఆధారం లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
అ) షార్కో వర్ణించిన మూడు లక్షణాలు ఏవి?
ఆ) 19వ శతాబ్దంలో వైకల్యాన్ని అంకెల్లో కొలవాలన్న ఒత్తిడి ఎందుకు లేదు?

9.3 విఫలమైన మందు నుంచి పుట్టిన స్కేలు

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత పరిస్థితి మారింది. 1948లో బ్రిటన్‌లో క్షయ రోగులపై స్ట్రెప్టోమైసిన్ పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. రోగులను యాదృచ్ఛికంగా రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మందు ఇచ్చి, రెండో గుంపుతో పోల్చే పద్ధతికి అది దారి వేసింది. రెండు గుంపులను పోల్చాలంటే ఇద్దరికీ ఒకే కొలత కావాలి. కొలత అవసరాన్ని తెచ్చిపెట్టింది ఈ పోలిక పద్ధతే.

1952లో క్షయకు ఐసోనియాజిడ్ అనే మందు వాడుకలోకి వచ్చింది. నేటికీ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ రోగులకు ఇచ్చే మందుల్లో ఇది ఒకటి. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేస్తున్న జాన్ కర్ట్‌స్కీ (1926-2015) అనే యువ నాడీ వైద్యుడు, ఈ మందు ఎం.ఎస్. రోగులకు కూడా మేలు చేస్తున్నట్లుందని 1954లో తన సహచరునితో కలిసి ప్రకటించాడు. ఆ మేలు నిజమో కాదో తేల్చడానికి ఒక కొలబద్ద కావలసి వచ్చింది. 1955లో ఆయన ‘వైకల్య స్థాయి స్కేలు’ను ప్రచురించాడు.

ఆ స్కేలు చాలా సరళమైనది. సున్నా అంటే నాడీ పరీక్షలో ఏ లోపమూ లేదు. 10 అంటే ఎం.ఎస్. వల్ల మరణం. నడవడానికి ఊతం కావాలంటే 6. చక్రాల కుర్చీకి పరిమితమైతే 7. మంచానికి పరిమితమై, చేతులు మాత్రం ఉపయోగపడుతుంటే 8. పూర్తిగా ఇతరులపై ఆధారపడితే 9. ఏ పరికరమూ అక్కర్లేదు, ఖర్చు లేదు. నాడీ పరీక్ష తెలిసిన వైద్యుడు ఎక్కడైనా దీన్ని వాడగలడు.

అయితే ఐసోనియాజిడ్ మాటేమిటి? పలు మాజీ సైనికుల ఆసుపత్రులు కలిసి, ఉత్తుత్తి మాత్రతో పోల్చి జరిపిన పరీక్ష ఫలితాలు 1957లో వచ్చాయి. ఎం.ఎస్.లో ఆ మందు వల్ల ప్రయోజనం లేదని తేలింది. మందు పక్కకు పోయింది. దాన్ని పరీక్షించడానికి పుట్టిన స్కేలు నిలిచింది. తన ఆశను తానే తోసిపుచ్చగల సాధనాన్ని తయారుచేయడం కర్ట్‌స్కీ పనిలో మనం గౌరవించవలసిన అంశం.

9.4 1983: విస్తృత స్కేలు

పదకొండు మెట్ల స్కేలులో ఒక ఇబ్బంది కనిపించింది. మధ్య మెట్ల దగ్గర రోగి పరిస్థితి స్పష్టంగా మారినా, అంకె మారేది కాదు. 1983లో కర్ట్‌స్కీ 1 నుంచి పైనున్న ప్రతి మెట్టునూ రెండుగా చీల్చి ‘విస్తృత వైకల్య స్థాయి స్కేలు’ను ప్రకటించాడు. దీన్నే ఈడీఎస్ఎస్ అంటారు. ఇందులో 0, ఆపైన 1.0, 1.5, 2.0 అంటూ 10 వరకు మొత్తం 20 స్థాయిలు ఉన్నాయి.

స్కేలుకు ఆధారం ఎనిమిది ‘క్రియా వ్యవస్థలు’. అవి: కండరాల బలం, సమన్వయం, మెదడు కాండం చేసే పనులు, స్పర్శ, మలమూత్రాల అదుపు, చూపు, మానసిక శక్తులు, ఇతరాలు. వైద్యుడు వీటిని విడివిడిగా పరీక్షించి అంకెలు వేస్తాడు. 4.0 కంటే తక్కువ స్థాయిలో ఈ అంకెల కలయికే తుది అంకెను నిర్ణయిస్తుంది. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ నడక పెత్తనం మొదలవుతుంది. ఈ వరుసను చూడండి:

4.0 - ఊతం లేకుండా, ఆగకుండా సుమారు 500 మీటర్లు నడవగలరు.
4.5 - సుమారు 300 మీటర్లు.
5.0 - సుమారు 200 మీటర్లు.
5.5 - సుమారు 100 మీటర్లు.
6.0 - సుమారు 100 మీటర్లు నడవడానికి ఒక వైపు ఊతం కావాలి.
6.5 - సుమారు 20 మీటర్లు నడవడానికి రెండు వైపులా ఊతం కావాలి.
7.0 - ఊతంతో కూడా 5 మీటర్లకు మించి నడవలేరు. చక్రాల కుర్చీ అవసరం.

ఈ స్కేలు వల్ల వ్యాధి సహజ గమనాన్ని మొదటిసారి పెద్ద ఎత్తున లెక్కగట్టడం సాధ్యమైంది. కెనడాలోని లండన్ నగరంలో 1,099 మంది రోగులను పరిశీలించి 1989లో ప్రచురించిన అధ్యయనం, పాత స్కేలు ప్రకారం సగం మంది 6వ మెట్టుకు చేరడానికి వ్యాధి మొదలైన నాటి నుంచి సుమారు 15 ఏళ్లు పడుతుందని చూపింది. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో 1,844 మంది రోగుల వివరాలతో 2000లో వెలువడిన అధ్యయనం మరో విషయం చెప్పింది. 4వ మెట్టుకు చేరిన తరువాత అక్కడి నుంచి 6కు వెళ్లే వేగం, వ్యాధి అంతకుముందు తిరగబెట్టిందా లేదా అన్నదానిపై అంతగా ఆధారపడలేదు. అంటే పైకి కనిపించే దాడులు, లోపల సాగే క్షీణత ఒకటే కాకపోవచ్చు. ఈ విషయాన్ని 9.7లో మళ్లీ చూస్తాం.

9.5 స్కేలులోని చిక్కులు

మొదటి చిక్కు: ఇది క్రమాన్ని మాత్రమే చెప్పే స్కేలు. తరగతిలో మొదటి ర్యాంకుకు, రెండో ర్యాంకుకు తేడా ఒక మార్కు కావచ్చు, ఇరవై మార్కులు కావచ్చు. అలాగే ఇక్కడ 2.0 నుంచి 3.0కు, 6.0 నుంచి 7.0కు దూరం సమానం కాదు. మొదటి మార్పులో రోగి ఉద్యోగానికి వెళ్తూనే ఉండవచ్చు. రెండో మార్పులో చేతికర్ర వదిలి చక్రాల కుర్చీ ఎక్కుతాడు. కనుక ఈ అంకెలను కూడి సగటు తీస్తే వచ్చే ఫలితాన్ని జాగ్రత్తగా చూడాలి. ఈ కారణంగానే చాలా పరీక్షల్లో మొదటి అంకె 5.5 వరకు ఉన్నవారికి ఒక పూర్తి మెట్టు, అంతకంటే ఎక్కువ ఉన్నవారికి అర మెట్టు పెరిగితే ‘ముదిరింది’ అని నియమం పెట్టుకున్నారు.

రెండవ చిక్కు: పరీక్షించే మనిషి. ముఖ్యంగా తక్కువ అంకెల దగ్గర, ఒకే రోగికి ఇద్దరు వైద్యులు వేర్వేరు అంకెలు వేయడం తరచూ కనిపించింది. ఇంతకంటే గట్టి పాఠం కెనడాలో 168 మంది రోగులపై జరిగిన ఒక పరీక్ష నేర్పింది. అందులో ప్రతి రోగినీ ఇద్దరు వైద్యులు పరీక్షించారు. ఒకరికి ఎవరు ఏ చికిత్స పొందుతున్నారో తెలుసు, మరొకరికి తెలియదు. తెలిసినవారి అంకెల ప్రకారం రక్తంలోని ప్లాస్మాను మార్చే చికిత్సతో కూడిన గుంపుకు మేలు జరిగింది. తెలియనివారి అంకెల ప్రకారం ఏ మేలూ లేదు. ఈ పోలిక 1994లో ప్రచురితమైంది. వైద్యులు అబద్ధమాడారని దీని అర్థం కాదు. ఆశ కంటికి అడ్డుపడుతుంది. ‘పరీక్షకునికి చికిత్స సంగతి తెలియకూడదు’ అన్న నియమం ఎందుకు తప్పనిసరో దీనికంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

మూడవ చిక్కు: కాలం. వ్యాధి తిరగబెట్టినప్పుడు అంకె పెరిగి, కొన్ని వారాల్లో మళ్లీ దిగవచ్చు. ఎండ, జ్వరం, అలసట కూడా లక్షణాలను తాత్కాలికంగా పెంచుతాయి. శారీరక శ్రమ తరువాత చూపు తాత్కాలికంగా తగ్గడాన్ని జర్మనీ వైద్యుడు విల్హెల్మ్ ఊట్‌హోఫ్ 1890లోనే గమనించాడు. మన ప్రాంతంలో మే నెల మిట్టమధ్యాహ్నం ఆసుపత్రికి వచ్చిన రోగి నడక, డిసెంబరు ఉదయం అదే రోగి నడకతో సమానంగా ఉండకపోవచ్చు. అందుకే పెరిగిన అంకె 3 నెలల తరువాత, లేదా 6 నెలల తరువాత కూడా అలాగే ఉంటేనే లెక్కలోకి తీసుకునే పద్ధతి వచ్చింది. దీన్ని ‘నిర్ధారిత క్షీణత’ అంటారు. 3 నెలలకు నిర్ధారణ అయినది కూడా కొందరిలో తరువాత తగ్గిపోయింది. కనుక 6 నెలల నియమం ఎక్కువ నమ్మకమైనది. కాని దానికి పరీక్ష ఎక్కువ కాలం నడపాలి.

నాలుగవ చిక్కు అన్నిటికంటే ముఖ్యమైనది: స్కేలు చూడనిది. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక దర్జీ ఈడీఎస్ఎస్ ప్రకారం 6.0 స్థాయిలో ఉన్నాడు. చేతికర్రతో దుకాణానికి వెళ్లి కుట్టుపని చేసుకుంటున్నాడు. రెండేళ్లలో అతని కుడిచేతి వేళ్లు సూదిలో దారం ఎక్కించలేని స్థితికి వచ్చాయి. జీవనోపాధి పోయింది. కాని చేతికర్రతో 100 మీటర్లు ఇంకా నడుస్తున్నాడు. స్కేలు ప్రకారం అతని అంకె నిరుడూ 6.0, ఈ ఏడూ 6.0. ఆ మనిషి ఇంట్లో అంతా మారిపోయింది, పత్రంలో మాత్రం ఏమీ మారలేదు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, విపరీతమైన నీరసం విషయంలో కూడా ఇదే జరుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
అ) ఈడీఎస్ఎస్ అంకెల సగటును ఎందుకు జాగ్రత్తగా చూడాలి?
ఆ) ‘నిర్ధారిత క్షీణత’ అంటే ఏమిటి?

9.6 కొత్త కొలతల అన్వేషణ

1993లో ఇంటర్‌ఫెరాన్ బీటా-1బి అనే మందుకు అమెరికా అనుమతి లభించింది. 372 మంది రోగులపై జరిగిన పరీక్షలో వ్యాధి తిరగబెట్టడం సుమారు మూడోవంతు తగ్గింది. ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో మచ్చలు పెరగడం కూడా తగ్గింది. వైకల్యం విషయంలో మాత్రం గుంపుల మధ్య గట్టి తేడా తేలలేదు. దీన్ని రెండు విధాలుగా చదవవచ్చు: మందు వైకల్యాన్ని ఆపలేదని ఒకటి, స్కేలుకు ఆ తేడా కనిపించలేదని రెండు. 1996లో ఇంటర్‌ఫెరాన్ బీటా-1ఎ పరీక్ష వైకల్యాన్నే ప్రధాన ప్రశ్నగా పెట్టుకుంది. కనీసం ఒక మెట్టు పెరిగి 6 నెలలు నిలిచిన క్షీణత రెండేళ్లలో ఉత్తుత్తి మందు గుంపులో 34.9 శాతం, అసలు మందు గుంపులో 21.9 శాతం అని అంచనా తేలింది. అప్పటి నుంచి నిర్ధారిత క్షీణత పెద్ద పరీక్షల్లో ముఖ్యమైన ప్రమాణమైంది.

అదే దశకంలో అమెరికాలోని జాతీయ ఎం.ఎస్. సొసైటీ ఆధ్వర్యంలో నిపుణుల బృందం మూడు చిన్న పరీక్షలతో మిశ్రమ కొలతను రూపొందించింది. ఒకటి: 25 అడుగుల దూరాన్ని వేగంగా, క్షేమంగా నడవడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? రెండు: తొమ్మిది రంధ్రాల పలకలో చిన్న పుల్లలను ఒక్కొక్కటిగా పెట్టి, మళ్లీ తీయడానికి ఎంత సేపు పడుతుంది? మూడు: 3 సెకన్లకు ఒకటి చొప్పున వినిపించే అంకెల్లో, వచ్చిన ప్రతి అంకెను దాని ముందు అంకెతో కూడి చెప్పగలరా? ఈ విధంగా కాలు, చేయి, ఆలోచన మూడింటికీ చోటు దొరికింది. గడియారం సాక్ష్యం చెబుతుంది కనుక పరీక్షకుని అభిప్రాయానికి చోటు తగ్గింది. అయితే మూడింటినీ గణాంక పద్ధతిలో కలిపి తీసిన అంకె రోగికీ, వైద్యునికీ అర్థం కావడం కష్టమైంది. ‘మీ నడక వేగం 20 శాతం తగ్గింది’ అంటే అందరికీ తెలుస్తుంది. అందుకే తరువాత ఆ పరీక్షలను విడివిడిగా చూసి, 20 శాతం మార్పును గుర్తుగా తీసుకునే అలవాటు బలపడింది. కూడికల పరీక్ష చాలామందిని కంగారుపెట్టేది. దాని బదులు, గుర్తులకు అంకెలను జతపరిచే 90 సెకన్ల పరీక్ష ఎక్కువగా వాడుకలోకి వచ్చింది.

మరోవైపు రోగి మాటకు విలువ పెరిగింది. 2001లో బ్రిటన్ పరిశోధకులు 29 ప్రశ్నల పత్రాన్ని ప్రచురించారు. అందులో 20 ప్రశ్నలు శరీరానికి, 9 మనసుకు సంబంధించినవి. అంకె వేసేది వైద్యుడు కాదు, రోగే. అగస్టస్ డెస్టే తన గదిలో ఒంటరిగా చేసిన పనికి దాదాపు రెండు శతాబ్దాల తరువాత శాస్త్రంలో చోటు లభించిందని చెప్పవచ్చు.

9.7 కొలత మారితే జవాబు మారుతుందా?

దీనికి రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది, మొదటి నుంచీ నెమ్మదిగా ముదిరే రకం ఎం.ఎస్. పై ఓక్రెలిజుమాబ్ అనే మందు పరీక్ష. 732 మంది పాల్గొన్న ఈ పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. 12 వారాలకు నిర్ధారణ అయిన క్షీణత మందు గుంపులో 32.9 శాతం, ఉత్తుత్తి మందు గుంపులో 39.3 శాతం. తేడా చిన్నదే. అయినా ఆ రకం వ్యాధికి అమెరికాలో అనుమతి పొందిన మొదటి మందు ఇదే అయింది. అంత చిన్న తేడాను నమ్మకంగా పట్టుకోవడానికి, 1994 పాఠం నేర్పిన జాగ్రత్తలన్నీ కావలసి వచ్చాయి.

రెండవది, దాడుల దశ దాటి నెమ్మదిగా ముదిరే దశలోకి వచ్చినవారిపై నటాలిజుమాబ్ పరీక్ష. ఇది 2018లో ప్రచురితమైంది. ఈడీఎస్ఎస్, 25 అడుగుల నడక, పుల్లల పలక మూడింటిలో ఏది క్షీణించినా లెక్కించారు. మొత్తం మీద మందు గుంపులో 44 శాతం, రెండో గుంపులో 48 శాతం క్షీణించారు. గణాంకపరంగా ఆ తేడా నిలవలేదు. పరీక్ష విఫలమైనట్లే. కాని చేతుల పనిని విడిగా చూస్తే క్షీణత మందు గుంపులో 15 శాతం, రెండో గుంపులో 23 శాతం. ప్రధాన ప్రశ్న విఫలమైన తరువాత వెతికిన తేడాను రుజువుగా తీసుకోకూడదు. ఆ హెచ్చరిక గుర్తుంచుకుంటూనే మన దర్జీని తలచుకోండి. కాళ్లను మాత్రమే చూసే కొలత, చేతుల్లో కనిపించగల ఇలాంటి సూచనను అసలు మన ముందుకే తేలేదు.

2020లో ఓక్రెలిజుమాబ్ పాత పరీక్షల సమాచారాన్ని ఇదే మిశ్రమ కొలతతో మళ్లీ విశ్లేషించారు. వ్యాధి తిరగబెట్టే రకం రోగుల్లో కూడా వైకల్యం ముదరడంలో ఎక్కువ భాగం, తిరగబెట్టడంతో సంబంధం లేకుండానే జరుగుతున్నట్లు కనిపించింది. లియాన్ అధ్యయనం 2000లో సూచించిన విషయం దీనితో మరింత బలపడింది. వ్యాధిని తిరగబెట్టే రకం, ముదిరే రకం అని రెండు గదుల్లో పెట్టే ఆలోచననే పరిశోధకులు ఇప్పుడు తిరిగి పరిశీలిస్తున్నారు.

9.8 కొలత, చట్టం, హక్కు

ఇంతవరకు చూసినది పరిశోధనా రంగం. మన దేశంలో వైకల్యాన్ని కొలిచే మరొక రంగం ఉంది. అది చట్టం. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను పేర్కొంది. వాటిలో ఎం.ఎస్. పేరు లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఆ జాబితాను 21కి పెంచింది. దీర్ఘకాలిక నాడీ సమస్యల కింద మల్టిపుల్ స్క్లీరోసిస్, పార్కిన్సన్స్ వ్యాధులను పేరుపెట్టి చేర్చింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్లు అధికారులు ధ్రువీకరిస్తే రిజర్వేషన్ల వంటి ప్రత్యేక సౌకర్యాలకు అర్హత వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఈ శాతాన్ని తెలిపే పత్రాన్ని ప్రజలు ‘సదరం సర్టిఫికెట్’ అని పిలుస్తారు. పింఛను కోసం ఆ పత్రం పట్టుకుని తిరిగిన కుటుంబాలు మీ ఊళ్లోనూ ఉండవచ్చు.

ఇక్కడ రెండు విషయాలు కలిపివేయకండి. ఈడీఎస్ఎస్‌లో 4.0 అంటే 40 శాతం వైకల్యం కాదు. ఒకటి వ్యాధి గమనాన్ని కాలక్రమంలో పోల్చడానికి పుట్టిన మెట్ల వరుస. మరొకటి ఒక రోజున ఒక వ్యక్తికి హక్కు ఉందో లేదో తేల్చడానికి గీసిన గీత. అయితే చరిత్ర నేర్పిన ప్రశ్నలు రెండింటికీ వర్తిస్తాయి. ఏ రోజు, ఏ స్థితిలో కొలిచారు? ఒకసారి చూసి తేల్చారా, మళ్లీ చూశారా? పైకి కనిపించని నీరసానికి, చూపు మసకకు, మతిమరుపుకు చోటు ఉందా? రోగిని అడిగారా? తగ్గుతూ, పెరుగుతూ ఉండే వ్యాధిలో ఒక్క ఉదయం తీసిన అంకె ఒక మనిషి ఏడాది మొత్తాన్ని చెప్పలేదు.

9.9 సారాంశం

ఎం.ఎస్.లో వైకల్యాన్ని కొలవాలన్న అవసరం, మందులను పోల్చి పరీక్షించే పద్ధతితోపాటు వచ్చింది. ఐసోనియాజిడ్ పరీక్ష కోసం 1955లో పుట్టిన స్కేలు, 1983లో ఈడీఎస్ఎస్‌గా విస్తరించింది. దాని వల్ల వ్యాధి గమనాన్ని లెక్కగట్టడం, మందుల విలువ తేల్చడం సాధ్యమయ్యాయి. అదే సమయంలో నడకకు ఇచ్చిన పెద్దపీట వల్ల చేతుల పని, ఆలోచన, నీరసం వెనుకబడ్డాయి. చికిత్స సంగతి తెలియని పరీక్షకుడు, 3 లేదా 6 నెలల నిర్ధారణ, గడియారంతో చేసే పరీక్షలు, రోగి స్వయంగా వేసే అంకెలు అనుభవం నుంచి ఒక్కొక్కటిగా చేరిన దిద్దుబాట్లు. ఏ అంకెను చూసినా దాని వెనుక ఏ ప్రశ్న ఉందో ముందు అడగండి. ఆ అలవాటు వైద్య చరిత్రలోనే కాక, పేదరికం, అక్షరాస్యత, నిరుద్యోగం వంటి లెక్కలను చదివేటప్పుడు కూడా మీకు ఉపయోగపడుతుంది.

9.10 ముఖ్య పదాలు

మైలిన్: నాడీ తంతువు చుట్టూ ఉండే కొవ్వు తొడుగు.
ఉత్తుత్తి మందు: పోలిక కోసం ఇచ్చే, ఔషధ గుణం లేని మాత్ర లేదా సూది మందు.
క్రియా వ్యవస్థలు: ఈడీఎస్ఎస్‌లో విడివిడిగా పరీక్షించే నాడీ వ్యవస్థ పనులు.
నిర్ధారిత క్షీణత: పెరిగిన అంకె నిర్ణీత గడువు తరువాత కూడా అలాగే నిలవడం.
మిశ్రమ కొలత: నడక, చేతి పని, ఆలోచన వంటి పలు పరీక్షలను కలిపి చూసేది.

9.11 మీ ప్రగతిని పరీక్షించుకోండి: మాదిరి సమాధానాలు

1. అ) కనుగుడ్లు అదరడం, అందుకోబోయేటప్పుడు చేయి వణకడం, మాట ముక్కలుగా రావడం.
ఆ) వ్యాధిని ఆపే మందు లేదు, మందులను గుంపులవారీగా పోల్చే పద్ధతి ఇంకా రాలేదు.
2. అ) మెట్ల మధ్య దూరాలు సమానం కావు; అది క్రమాన్ని మాత్రమే చెబుతుంది.
ఆ) పెరిగిన అంకె 3 లేదా 6 నెలల తరువాత పరీక్షించినా తగ్గకుండా నిలవడం.

9.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. కర్ట్‌స్కీ స్కేలు పుట్టుక, విస్తరణలను వివరించి, దాని పరిమితులను చర్చించండి.
2. ‘కొలబద్దలో చోటు దొరకని బాధ లెక్కలోకి రాదు.’ ఎం.ఎస్. చరిత్ర ఆధారంగా విశ్లేషించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వాక్యాలలో సమాధానం రాయండి.
1. 1994లో ప్రచురితమైన కెనడా పరీక్ష పోలిక నేర్పిన పాఠం ఏమిటి?
2. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం వైకల్య శాతానికీ, ఈడీఎస్ఎస్ అంకెకూ తేడా రాయండి.